సగం ధరకి వస్తున్న 5,000 స్టాల్ కన్వర్టర్ కొనాలా?

ప్రశ్న: నాది 1979 కమారో. 383 ఘనపు అంగుళాల ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దగ్గర 440 ఫుట్‌పౌండ్ల టార్క్ ఇస్తుంది. మూడు గేర్ల టర్బో 350 గేర్‌బాక్స్. పావు మైలు రేసులకే వాడతాను, 6,200 దగ్గర గేరు మారుస్తాను. ఒకాయన తన కారులోంచి తీసేసిన 5,000 స్టాల్ కన్వర్టర్ సగం ధరకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: ముందు అమ్మే ఆయన్ని ఒక్క మాట అడగండి. ఏ ఇంజిన్ వెనక ఉన్నప్పుడు అది 5,000? దానికి జవాబు లేకపోతే ఆ అంకెను నమ్మి డబ్బు పెట్టకండి.

కన్వర్టర్ అంటే ఇంజిన్‌కీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండి, ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా అందించే భాగం. స్టాల్ అనేది దాని మీద కొట్టిన ముద్ర అనుకుంటాం. కాదు. కారు కదలకుండా ఆపి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, లోపలి ఆయిల్ ఎదురు తోసే బలం ఇంజిన్ టార్క్‌తో, అంటే తిప్పే బలంతో, సమానమయ్యేదాకా ఆర్‌పీఎం పెరుగుతుంది. అది ఎక్కడ ఆగితే అదే స్టాల్. మజ్జిగ చిలికే కవ్వం ఒకటే అయినా అమ్మమ్మ తిప్పితే ఒక వేగం, మేనమామ తిప్పితే ఇంకో వేగం. ఇదీ అంతే. లెక్క కూడా తేలికే: స్టాల్ దాదాపుగా టార్క్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 600 ఫుట్‌పౌండ్ల బిగ్ బ్లాక్ (పెద్ద సైజు ఇంజిన్) వెనక 5,000 చూపించిన కన్వర్టర్ మీ 440కి సుమారు 4,280 దగ్గరే ఆగుతుంది. 350 ఫుట్‌పౌండ్ల చిన్న ఇంజిన్ వెనక 5,000 చూపించిందైతే మీ కారులో 5,600 దాకా పోతుంది. పేరు ఒకటే, కారు నడిచే తీరు మాత్రం పూర్తిగా వేరు.

ఇది నాకు పుస్తకం చదివితే రాలేదు, చేతులు కాల్చుకుంటే వచ్చింది. డాలస్‌లో ఉంటాను, పగలు సాఫ్ట్‌వేర్ పని, సెలవురోజుల్లో 1971 నోవా. 350 ఇంజిన్, 380 ఫుట్‌పౌండ్లు, మీ గేర్‌బాక్సే, వెనక 3.73 గేర్. ఎనిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్‌కి వెళ్తుంటాను. అక్కడ పావు మైలంతా కాంక్రీటు, టైరు పట్టు బాగుంటుంది కాబట్టి కారు లేవకపోతే తప్పు ట్రాక్ మీదకి నెట్టే వీల్లేదు. మొదట ఒక స్నేహితుడి బిగ్ బ్లాక్‌లోంచి తీసిన '3,500' కన్వర్టర్ పెట్టాను. నా ఇంజిన్‌తో అది 3,000 దాటలేదు. పచ్చ లైటు పడ్డాక కారు బద్ధకంగా ఒళ్లు విరుచుకుని లేచింది. మొదటి 60 అడుగులకి 2.05 సెకన్లు. పక్క లేన్‌లో ఒక పాత పికప్ నన్ను దాటిపోయింది, ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

ఆ కోపంలో రెండో తప్పు చేశాను. వివరాలేవీ ఇవ్వకుండా '4,800' కొత్తది తెప్పించాను. లేవడం అదిరిపోయింది, 60 అడుగులకి 1.78. కానీ మొత్తం టైము 13.05 దగ్గరే ఉండిపోయింది. ఏం జరుగుతోందో తెలియక ఫోన్‌ను టాకోమీటర్ ముందు బిగించి వీడియో తీశాను. ఇంటికొచ్చి నెమ్మదిగా తిప్పి చూస్తే, గేరు మారినప్పుడల్లా కిందికి పడాల్సిన ముల్లు 4,700 దగ్గరే వేలాడుతోంది. ముగింపు గీత దాటేటప్పుడు 103 మైళ్ల వేగం, 5,700 ఆర్‌పీఎం.

ఇక్కడ కాగితం, పెన్ను తీసుకోండి. మైళ్ల వేగాన్ని వెనక గేరు నిష్పత్తితో, తర్వాత 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే, కన్వర్టర్ లోపల జారుడు లేకపోతే టాప్ గేర్‌లో ఇంజిన్ ఎంత తిరగాలో వస్తుంది. నా టైరు 26 అంగుళాలు. లెక్క 4,965 అంటోంది, ముల్లు 5,700 అంటోంది. అంటే దాదాపు 13 శాతం జారుడు. ఇలాంటి కారులో గీత దగ్గర 5 నుంచి 8 శాతం మధ్య ఉంటే నాకు సంతోషం, 10 దాటితే అది మరీ వదులు కన్వర్టరే. ఆ జారుడంతా ఆయిల్‌కి వేడిగానే పోతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగులోకి తిరిగి మాడువాసన వేస్తోంది.

చివరికి కన్వర్టర్లు తయారుచేసే ఒకాయన దాన్నే కోసి, లోపల మార్చి, మళ్లీ వెల్డ్ చేసి ఇచ్చాడు. ఇప్పుడు స్టార్ట్ లైన్ మీద 3,900 దాకా లేస్తుంది. 60 అడుగుల టైము 1.80, అంటే సెకనులో వందింట రెండు వంతులు పోగొట్టుకున్నాను. మొత్తం మాత్రం 12.79, గీత దగ్గర 106 మైళ్లు, 5,450 ఆర్‌పీఎం. జారుడు 6 శాతం చిల్లర.

మీ సంగతికొద్దాం. టర్బో 350లో నిష్పత్తులు 2.52, 1.52, 1.00. 6,200 దగ్గర మారిస్తే రెండో గేర్‌లో ఇంజిన్ 3,740 దగ్గరికి, మూడో గేర్‌లో 4,080 దగ్గరికి పడాలి. టార్క్ శిఖరం 4,000. కాబట్టి మీకు 4,000 నుంచి 4,400 మధ్య లేచేది సరిపోతుంది. ఆయన కన్వర్టర్ నిజంగా 600 ఫుట్‌పౌండ్ల ఇంజిన్‌లోంచి వచ్చిందైతే, కళ్లు మూసుకుని కాదు గానీ, కొనొచ్చు. చిన్న ఇంజిన్‌లోంచి వచ్చిందైతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఆ 5,000 ఎలా కొలిచాడో కూడా అడగండి. బ్రేకు తొక్కి పట్టి కొలిచింది చాలా కార్లలో పనికిరాదు, నా నోవాలో 2,400కే వెనక టైర్లు తిరగడం మొదలవుతుంది. ట్రాన్స్‌బ్రేక్ (గేర్‌బాక్స్‌నే లోపల బంధించి కారుని ఆపే ఏర్పాటు) మీద కొలిచాడా, లేక లైన్ మీంచి లేచేటప్పుడు ముల్లు ఎగిరిన చోటు చెప్తున్నాడా తెలియాలి. ఎక్కువ సేపు పట్టి ఉంచి కొలవకండి, క్షణాల్లో ఆయిల్ మరుగుతుంది. ముందు ముందు నైట్రస్ (ఇంజిన్ బలం పెంచే గ్యాస్) పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, అది తగిలిన క్షణం టార్క్‌తో పాటు స్టాల్ కూడా పైకి లేస్తుంది, కాబట్టి కాస్త బిగువుదే, అంటే తక్కువ స్టాల్‌దే, తీసుకోవాలి.

బిగించేటప్పుడు ఒక్క జాగ్రత్త. కన్వర్టర్‌ని గేర్‌బాక్స్‌లోకి తిప్పుతూ తోస్తుంటే అది మెట్టు మెట్టుగా లోపలికి దిగుతుంది. పూర్తిగా దిగకముందే బోల్టులు బిగిస్తే పంప్ పగులుతుంది. ఇంజిన్‌కి గేర్‌బాక్స్ కలిపాక కన్వర్టర్‌ని ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజిన్ వెనక కన్వర్టర్‌ని బిగించే పళ్లెం) దాకా ముందుకు లాగడానికి అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా ఖాళీ మిగలాలి.

మీ టైరు ఎత్తు, వెనక గేరు, మనిషితో సహా కారు బరువు రాయలేదు. టైరు ఎత్తు కంపెనీ అంకె కాకుండా టేపుతో కొలిచింది రాయండి. ఇప్పుడున్న కన్వర్టర్‌తో పరుగెత్తినప్పుడు ట్రాక్ వాళ్లిచ్చిన టైమ్ స్లిప్ ఒకటి ఉంటే అదీ పెట్టండి, మీ జారుడు ఎంతో లెక్కకట్టి చెప్తాను.