ప్రెస్ నోట్ ఎవరికి పంపాలి?

ప్రశ్న: విజయవాడలో చిన్న పీఆర్ సంస్థలో పనిచేస్తున్నాను మేడమ్. విలేకరుల నంబర్లు కొన్ని నా ఫోన్లో, కొన్ని మా సార్ డైరీలో, మిగతావి పాత ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. ప్రెస్ మీట్ అంటేనే టెన్షన్. మంచి సాఫ్ట్‌వేర్ చెబుతారా?
- ఓ పాఠకురాలు

జవాబు: సిజన్, మక్ ర్యాక్ లాంటి, విలేకరుల వివరాలు అమ్మే విదేశీ డేటాబేస్‌ల జోలికి వెళ్లకండమ్మా. ఖరీదు సంగతి అటుంచితే, నందిగామ కంట్రిబ్యూటర్ (ఊళ్లోంచి వార్తలు పంపే పార్ట్‌టైమ్ విలేకరి) నంబర్ కోసం వాటిని నమ్ముకోలేం. మీకు గూగుల్ షీట్ చాలు. అందరూ అందులోనే రాయాలి, అదొక్కటే షరతు.

పేరు, నంబర్‌తో ఆపకండి. స్టాఫ్ రిపోర్టరా, కంట్రిబ్యూటరా, ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కా? ఏ బీటు (క్రైమా, రాజకీయాలా, సినిమానా), ఏ ఎడిషన్? నోట్ ఫోన్లో టైప్ చేసే యూనికోడ్‌లో కావాలా, డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్‌లోనా? నేను డెస్క్‌లో ఉన్నప్పుడు మా క్రైమ్ రిపోర్టర్‌కి చీరల షాపు ప్రారంభోత్సవం నోట్లు వచ్చి పడేవి. ఆయన వాటిని చదివితే ఒట్టు! 'చివరిగా సరిచూసిన తేదీ' అని ఇంకో గడి పెట్టండి. విలేకరులు బీట్లు మారతారు, పేపర్లూ మారతారు. ఆ గడి ఖాళీగా ఉంటే లిస్టు పాతబడినట్టే.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. పైగా మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకు మెసేజ్ అసలు చేరదు. 'పంపాం కదా సార్' అని క్లయింట్‌కు చెప్పే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఎవరితో ఎప్పుడు మాట్లాడారో, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేయాలో కూడా నమోదు కావాలంటే జోహో సీఆర్‌ఎం (పరిచయాలు, ఫాలో-అప్‌లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్) చూడండి. ముగ్గురి వరకు ఉచితమే. షీట్‌ను మాత్రం క్లయింట్లకు షేర్ చేయకండి, అవి విలేకరుల సొంత నంబర్లు.