ట్యాబ్ కొనడానికి వెళ్తే నీ నోట్సు పట్టుకెళ్లు

చిన్నీ,

రాత్రి నువ్వు పంపిన నాలుగు ఫొటోలూ చూశాను. "పెద్దమ్మా, వీటిలో ఏది తీసుకోను?" అని అడిగావు. ప్రతి ఫొటో కిందా ర్యామ్ ఎంత, కెమెరా ఎంత, తగ్గింపు ఎంత అని ఉంది గానీ, దాంతో నువ్వేం చేస్తావన్నది ఎక్కడా లేదు. ముందు అది తేల్చుకుందాం.

నీకు ఉన్నవి రెండే పనులు. సీనియర్లు ఇచ్చిన పీడీఎఫ్‌లు చదవాలి, ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసులో మేడమ్ బోర్డు మీద వేసే బొమ్మలు అప్పటికప్పుడు చేత్తో దించుకోవాలి. మిగతావన్నీ నీ ఫోన్‌లో జరిగిపోతున్నాయి. కాబట్టి డబ్బు తెర మీద, పెన్ను మీద పెట్టు. కెమెరా కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకు.

తెర సంగతి లెక్క వేసి చెబుతాను, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని కదా. నీ నోట్సులు దాదాపు అన్నీ ఎ4 సైజువే. ఎ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. నువ్వు చవకగా ఉందని మనసుపడ్డ 8.7 అంగుళాల (అది మూల నుంచి మూలకి కొలత) ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 12 సెంటీమీటర్లు కూడా ఉండదు. కాగితం మీద 12 పాయింట్ల సైజున్న అక్షరం అందులో ఆరున్నర పాయింట్లకు దిగిపోతుంది. కార్బన్ కింద రాసే చిన్న అంకెలు ఇక కనపడవు. ప్రతి లైనుకీ రెండు వేళ్లతో పెద్దది చేసుకోవడం, పక్కకి జరుపుకోవడం, ఇలా మూడో పేజీకి వచ్చేసరికి ఏం చదువుతున్నావో మర్చిపోతావు. 11 అంగుళాల ట్యాబ్‌లో అదే అక్షరం ఎనిమిదిన్నర పాయింట్ల దాకా ఉంటుంది. ఇబ్బంది లేకుండా చదువుకోవచ్చు. 11 అంగుళాలకు తగ్గొద్దు.

అంగుళాలు ఒకటే అయినా తెర ఆకారం వేరుగా ఉంటుందని కూడా గుర్తుపెట్టుకో. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు సినిమాలకు అనువుగా పొడుగ్గా ఉంటాయి. నిలువుగా పట్టుకుని ఎ4 పేజీ తెరిస్తే కింద దాదాపు 3 సెంటీమీటర్లు ఖాళీగా పోతుంది. మామూలు ఐప్యాడ్, వన్‌ప్లస్ ప్యాడ్ తెరలు ఎ4 ఆకారానికి బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి పేజీ తెరంతా నిండుతుంది. చదువు కోసం కొనేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు పెన్ను. నువ్వు మోసపోయే అవకాశం ఎక్కువ ఉన్నది ఇక్కడే. రెండు వందలకు దొరికే రబ్బరు మొన పెన్ను ఏ ట్యాబ్ మీదైనా గీస్తుంది, వేలితో గీసినట్టే గీస్తుంది. దాంతో బెంజీన్ రింగ్ వేయలేవు. పైగా చెయ్యి తెరకి ఆనితే అక్కడా గీతలు పడతాయి. ట్యాబ్‌కే తయారైన పెన్ను కావాలి. శామ్‌సంగ్‌లో ఎస్ సిరీస్ ట్యాబ్‌లకు ఎస్ పెన్ పనిచేస్తుంది, సాధారణంగా డబ్బాలోనే ఇస్తారు. రాసుకోవడానికి దానికి చార్జింగ్ అక్కర్లేదు. అదే కంపెనీ ఎ9, ఎ9 ప్లస్ ట్యాబ్‌లకు ఆ పెన్ను పనిచేయదు. నువ్వు పంపిన వాటిలో ఒకటి ఎ9 ప్లస్. చదవడానికి బాగుంటుంది గానీ నీకు పనికిరాదు. ఐప్యాడ్‌కి పెన్సిల్ విడిగా కొనాలి, అందులోనూ యూఎస్‌బీ-సి పెన్సిల్‌కి ఒత్తిడిని బట్టి గీత సన్నగా, లావుగా మారే గుణం లేదు. నీ నోట్సుకి ఆ గుణం లేకపోయినా నష్టం లేదు గానీ, పెన్సిల్ ధర కూడా కలిపి లెక్క వేసుకో.

షాపులో పెన్ను చేతికిచ్చాక గబగబా సంతకం పెట్టి బాగుంది అనేయకు. గబగబా గీస్తే ఏ పెన్నయినా బాగానే ఉంటుంది. మెల్లగా, చాలా మెల్లగా, ఒక షడ్భుజి గియ్యి. నాసిరకం పెన్ను అయితే ఏటవాలు గీత తిన్నగా రాదు, వణుకుతున్న చేత్తో గీసినట్టు చిన్న చిన్న అలలు తేలుతాయి. తర్వాత అరచెయ్యి తెర మీద పూర్తిగా ఆనించి "లక్ష్మి" అని రాయి. క్ష కింద మ వత్తు ఇరుకులో వస్తుంది కదా, అక్కడ గీత పెన్ను మొన దగ్గరే పడుతోందా, కాస్త వెనకాల వస్తోందా చూడు. వెనకబడితే గంటసేపు క్లాసులో విసుగొచ్చేస్తుంది. మన తెలుగు అక్షరాల గుండ్రాలే పెన్నుకి మంచి పరీక్ష.

నా మొదటి ట్యాబ్ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. పండగ ఆఫర్లో సగం ధరకి వచ్చిందని కొన్నాను, 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్. 2020 లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు చెప్పాల్సి వచ్చినప్పుడు, త్రికోణమితి మధ్యలో తెర బిగుసుకుపోయేది. అటు నలభై మంది పిల్లలు "మేడమ్, వినపడట్లేదు" అంటుంటే నాకు చెమటలు పట్టేవి. కొన్నాళ్లకి ఆ క్లాసులు చెప్పే యాప్ కొత్త వెర్షన్ నా ట్యాబ్‌కి రాదని తేలింది. ఆ మోడల్ విడుదలై చాలా కాలమైంది, అందుకే ఆఫర్లో పెట్టారు. అమ్మినాయన ఆ మాట చెప్పలేదు, అడగాలని నాకు తెలియలేదు. నువ్వు తప్పకుండా అడుగు, ఈ మోడల్ ఎప్పుడు విడుదలైంది, అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి అని. ఆ ఏళ్లు విడుదలైన రోజు నుంచి లెక్క, నువ్వు కొన్న రోజు నుంచి కాదు. కొన్ని ఖరీదైన మోడళ్లకు ఏడేళ్ల దాకా ఇస్తున్నారు. నీ ఎమ్మెస్సీ, ఆ తర్వాత బీఎడ్డో పీహెచ్‌డీయో, అన్నిటికీ ఒకే ట్యాబ్ సరిపోవాలి మరి.

ర్యామ్ 6 జీబీ, స్టోరేజ్ 128 జీబీ ఉంటే చాలు. స్టోరేజ్ మీద మాత్రం పిసినారితనం వద్దు. అన్నీ నెట్‌లోనే ఉంటాయి కదా అంటారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖ మీద విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. పుస్తకం చేతిలో ఉన్నవాళ్లే చదువుకున్నారు. నీ నోట్సులన్నీ ట్యాబ్‌లోకి దించిపెట్టుకో.

సిమ్ ఉన్న మోడల్ వద్దు. హాస్టల్లో వైఫై ఉంది, బయట ఫోన్ హాట్‌స్పాట్ చాలు. మిగిలిన డబ్బు పెన్నుకి వస్తుంది.

మన బీచ్ వైపు ఇళ్ల సంగతి నీకు తెలుసు. లాసన్స్ బే కాలనీలో మా కిటికీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు రంగు వేయించినా తుప్పు ఆగదు. ఆ పాత ట్యాబ్‌ని నేను రోజూ సాయంత్రం బాల్కనీలో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఏడాదిన్నరకి చార్జింగ్ పెట్టే కన్నంలో పచ్చగా చిలుము పట్టింది. కేబుల్ ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే చార్జ్ ఎక్కేది. నువ్వు సాయంత్రాలు ఆర్‌కే బీచ్‌లో కూర్చుని చదువుతానంటున్నావు కాబట్టి చెబుతున్నాను. మూత ఉన్న కవర్ కొను, తడి చేత్తో చార్జర్ పెట్టకు.

అమ్మ ముప్పై వేలు ఇస్తానంది. అందులో మూడు వేలు పక్కన పెట్టు, కవరు, తెర మీద అతికించే గ్లాసు, డబ్బాలో చార్జర్ లేకపోతే చార్జరు, వీటికి అయిపోతాయి. పెన్ను డబ్బాలో రాకపోతే ఇంకా ఎక్కువ పక్కన పెట్టాలి. ఐప్యాడ్ కొంటే ఆ డబ్బు దాటిపోతుంది, ఈసారికి దాన్ని వదిలెయ్యి. ఎస్ పెన్ డబ్బాలో వచ్చే శామ్‌సంగ్ వైఫై మోడళ్లలో ఆ ధరకు దొరికేది నీకు సరిపోతుందని నా నమ్మకం. తెర కాస్త పొడుగే అయినా, పెన్ను మంచిదైతే నీ క్లాసులు సాగుతాయి. సెకండ్‌హ్యాండ్ జోలికి మాత్రం పోకు. పాత యజమాని ఖాతా తీసేయకపోతే అది తెరుచుకోదు, వాళ్ల వెంట తిరిగే ఓపిక నీకు ఉండదు.

ఆన్‌లైన్లో తగ్గింపు ఎంత ఉన్నా, ముందు షాపులో పట్టుకుని చూడాల్సిందే. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకో. బిల్లు మీద సీరియల్ నంబరు, డబ్బా మీద నంబరు, ట్యాబ్ సెట్టింగ్స్‌లో నంబరు, మూడూ ఒకటేనా అని కౌంటర్ దగ్గరే సరిచూసుకో. కుర్రాళ్లు తొందరపెడతారు, పెట్టనీ.

ఆదివారం జగదాంబ జంక్షన్ షాపుల దగ్గర కాలు పెట్టడానికి సందుండదు. మంగళవారం నీకు పొద్దున క్లాసు లేదన్నావు కదా, పదింటికి మద్దిలపాలెంలో ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చెయ్యి, కలిసి వెళ్దాం. ఆర్గానిక్ నోట్సులో అన్నిటికన్నా చిన్న అక్షరాలున్న పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకో, నువ్వు చేత్తో రాసుకున్న పేజీ కూడా ఒకటి తెచ్చుకో. షాపువాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టనివ్వకపోతే మెయిల్లోంచి తెరుద్దాం. పనసపొట్టు కూర వండి ఉంచుతాను, తిరిగొచ్చి తిందాం.

మీ పెద్దమ్మ