హోం నుంచి ప్రోకు మారవచ్చా?

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌లో విండోస్ 11 హోం ఉంది. మా దుకాణం లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. దాని పై ఎడిషన్ అయిన ప్రోకు మారితే వేగం పెరుగుతుందా? ఫైళ్లు పోతాయా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వేగం పెరగదండీ. వేగమే మీ అవసరమైతే ఆ డబ్బుతో ర్యామ్ పెంచుకోవడమో, పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించుకోవడమో మేలు. ఎడిషన్ మారినంత మాత్రాన ఫైళ్లు, ప్రోగ్రాములు పోవు. అయినా లెక్కల ఫోల్డరును ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిస్తే, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ప్రో కొనడానికీ, ఇప్పటికే కొన్న 25 అక్షరాల లైసెన్స్ కీ ఇవ్వడానికీ వీలుంటుంది. ఆ తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. నమ్మశక్యం కాని తక్కువ ధరకు ఎవరో అమ్మే కీలు మాత్రం దయచేసి కొనకండి. అవి ఎప్పుడు చెల్లకుండా పోతాయో చెప్పలేం.

దుకాణం నుంచి ఇంటి కంప్యూటర్‌ను రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా తెరవాలన్నా, డిస్కు మొత్తానికి బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చే విండోస్ సదుపాయం)తో మీరే తాళం వేసి, ఆ తాళాన్ని మీ చేతుల్లో ఉంచుకోవాలన్నా ప్రో అవసరం. బిట్‌లాకర్ వాడితే అది ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో దాచండి. ఆ కీ పోగొట్టుకుంటే, తాళం పడిన డిస్కులోని మీ లెక్కలను ఏ మెకానిక్కూ వెనక్కి తీసుకురాలేడు.