హర్లింగ్ కోచ్ అవుతానంటున్నాడు, ఎటు పంపాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు, పదకొండేళ్లుగా ఐర్లాండ్‌లో లిమరిక్‌లో ఉంటున్నాం. నేను నర్సుని, మావారు సాఫ్ట్‌వేర్. రెండేళ్ల క్రితం పౌరసత్వం కూడా వచ్చింది. మా బాబుకి 17, ఇప్పుడు ఫిఫ్త్ ఇయర్, అంటే వచ్చే ఏడాది లీవింగ్ సర్ట్ (స్కూలు చివరి) పరీక్షలు. చిన్నప్పటి నుంచి హర్లింగ్ (కర్రతో బంతిని కొడుతూ ఆడే ఇక్కడి ఆట) ఆడుతున్నాడు, క్లబ్బులో అండర్-13 పిల్లలకి నేర్పించడంలో సాయం కూడా చేస్తున్నాడు. పెద్దయ్యాక అడ్వాన్స్‌డ్ స్కిల్స్ నేర్పే కోచ్ అవుతానంటాడు. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప వేరే మాట విననంటారు. ఇంట్లో రోజూ టెన్షనే. పైగా ఈ మధ్య తను నేర్పేవి పిల్లలకి రావట్లేదని వాడే డల్ అయిపోతున్నాడు. కోచింగ్ వాడికి పడదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాట దగ్గరే ఆగుతాను. తను నేర్పింది పిల్లలకి రాలేదని బాధపడే కుర్రాడికి కోచింగ్ పడదని మీరెలా అనుకున్నారు? పదిహేడేళ్ల వాళ్లలో చాలామంది "పిల్లలు వినట్లేదు" అని తప్పు వాళ్ల మీదకి తోసేస్తారు, మీవాడు తన మీద వేసుకున్నాడు. ఆ గుణం ఉన్నవాళ్లే ఈ పనిలో నిలబడతారు. ఇప్పుడు వాడికి కావాల్సింది, బాగా ఆడటం వేరు, ఆడించడం వేరు అని ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పడం.

డబ్బు సంగతి మొదట తేల్చేద్దాం, ఎందుకంటే మీవారి భయం అక్కడే ఉంది, ఆ భయం తప్పు కాదు. హర్లింగ్ అమెచ్యూర్ ఆట. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో 82 వేల మంది ముందు కౌంటీల మధ్య జరిగే ఆల్ ఐర్లాండ్ పోటీ ఫైనల్ ఆడేవాళ్లకి కూడా జీతం ఉండదు, సోమవారం మళ్లీ ఉద్యోగాలకి వెళ్లాల్సిందే. క్లబ్బుల్లో నేర్పేవాళ్లు ఎక్కువగా వాలంటీర్లే. జిల్లా స్థాయిలో, అంటే ఇక్కడి కౌంటీ బోర్డుల్లో, స్కూళ్లూ క్లబ్బులూ తిరిగి నేర్పే ఫుల్‌టైమ్ ఉద్యోగాలు ఉన్నాయి కానీ తక్కువ. కాబట్టి "హర్లింగ్ కోచ్" అనే ఒక్క మాట మీద జీవితం కట్టుకోమని నేను చెప్పను. అలాగని దాన్ని వదిలేసి ఇష్టం లేని కంప్యూటర్ సైన్స్‌లో కూర్చోమనీ చెప్పను. ఈ రెండింటికీ మధ్య మంచి దారే ఉంది.

మీ ఊళ్లోనే దానికి ఉదాహరణ ఉంది. లిమరిక్ టీమ్ 2018లో, ఆ తర్వాత 2020 నుంచి 2023 వరకు వరసగా నాలుగేళ్లు ఆల్ ఐర్లాండ్ గెలిచింది కదా, ఆ టీమ్ కోచ్ పాల్ కినర్క్. అంతకు ముందు 2013లో క్లేర్ కౌంటీ గెలిచినప్పుడు కూడా కోచ్ ఆయనే. ఆయన కౌంటీ తరఫున ఆడింది హర్లింగ్ కాదు, గేలిక్ ఫుట్‌బాల్! వృత్తికి టీచర్, లిమరిక్ యూనివర్సిటీలో కోచింగ్ మీదే పీహెచ్‌డీ చేశారు. గొప్ప హర్లర్ అయితేనే గొప్ప హర్లింగ్ కోచ్ అవుతాడనే నమ్మకం మీవాడికి ఉంటే, ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

ఇక పిల్లలకి ఎందుకు రావట్లేదో చూద్దాం. నేను వాణ్ణి మైదానంలో చూడలేదు కాబట్టి, కొత్తగా నేర్పేవాళ్ల దగ్గర మామూలుగా కనిపించే పొరపాట్లే చెప్తాను, వాడు సరిచూసుకుంటాడు.

మొదటిది పట్టు. కుడిచేతి వాటం పిల్లలు హర్లీ కర్ర పైభాగాన్ని కుడిచేత్తో పట్టుకోవాలి, ఎడమచెయ్యి కింద ఉండాలి. క్రికెట్ బ్యాట్‌కి ఇది సరిగ్గా ఉల్టా. మన పిల్లలు ఇంట్లో క్రికెట్ ఆడి ఆడి ఎడమచెయ్యి పైన పెట్టుకుని వస్తారు, అప్పటికి బంతి బాగానే వెళ్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ పై చెయ్యి బలంగా లేకపోతే ఒంటిచేత్తో కర్ర చాచి చేసే పనులన్నీ, ముఖ్యంగా ఎదుటివాడు కొట్టబోతుండగా వెనక నుంచి కర్ర అడ్డం పెట్టే హుక్, తర్వాత ఇబ్బంది పెడతాయి. రెండోది కర్ర పొడవు. పిల్లాడి పక్కన నిలబెడితే తుంటి ఎముక దాకా రావాలి, అంతకంటే పొడుగ్గా ఉంటే ఎంత నేర్పినా జాబ్ లిఫ్ట్ (నేల మీది బంతిని కర్రతో పైకి లేపడం) రాదు, ఎందుకంటే మోకాళ్లు వంచి కర్రని దాదాపు నేలకి సమానంగా దించితేనే దాని వెడల్పు చివర బంతి కిందకి దూరుతుంది. అన్నయ్య కర్ర తమ్ముడికి ఇచ్చి పంపే ఇళ్లు చాలా ఉంటాయి, తప్పు పిల్లాడిది కాదు.

అడ్వాన్స్‌డ్ స్కిల్ అంటే వాడి మనసులో బహుశా సైడ్‌లైన్ కట్ ఉండి ఉంటుంది. గాల్వే ఆటగాడు జో కానింగ్ కొట్టినవి చూసిన ప్రతి కుర్రాడికీ అదే నేర్పాలని ఉంటుంది. నేల మీద ఉన్న బంతిని చేత్తో ముట్టకుండా, కర్ర అంచుని ఏటవాలుగా బంతి కిందకి కోసినట్టు పంపి గాల్లోకి లేపడం నిజంగా అందమైన విద్యే. కానీ నేల మీద బంతిని మామూలుగా రెండువైపులా కొట్టడం రాని పిల్లలకి అది నేర్పితే నడుం పట్టేసి, కర్ర మట్టిలో దిగి, విసుగొచ్చి ఊరుకుంటారు. అది నేర్పాలంటే గడ్డి కాస్త ఎత్తుగా ఉన్నచోట బంతి పెట్టించి, పది మీటర్ల దూరంలో ఉన్న స్నేహితుడికి లేపి అందించమనాలి. దూరం సంగతి నెలల తర్వాత.

ఫస్ట్ టచ్, అంటే మీదకి వచ్చే బంతిని మొదటి తాకుడులోనే అదుపు చేయడం కూడా అంతే. వేగంగా వచ్చే బంతి కర్రకి తగిలి ఎగిరిపోతోందంటే పిల్లాడు కర్రని బిగబట్టుకున్నాడన్నమాట. గాల్లో వచ్చే కోడిగుడ్డుని పట్టుకోమంటే చెయ్యి ఎలా వెనక్కి తీసుకుంటామో అలా కర్రని మెత్తగా వెనక్కి ఇవ్వాలి. దీనికి కోచ్ కూడా అక్కర్లేదు, ఒక గోడ చాలు. రోజూ పావుగంట గోడకి కొట్టి, వెనక్కి వచ్చిన బంతిని ఆపడం, కుడివైపు ఎన్నిసార్లో ఎడమవైపూ అన్నిసార్లు.

అయితే అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. వరసలో నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ పిలిచి చేయిస్తే పిల్లలు బాగానే చేస్తారు, మ్యాచ్‌లో మాత్రం మాయమైపోతుంది. ఎందుకంటే మ్యాచ్‌లో ఎదురుగా ఒకడు మీదకి వస్తుంటాడు, బంతి చేతిలో పట్టుకుని నాలుగు అడుగులకి మించి వెళ్లకూడదు, ఆలోచించడానికి సెకను కూడా ఉండదు. ఆ ఒత్తిడిలో నేర్చుకోని స్కిల్ ఆ ఒత్తిడిలో పనికిరాదు. అందుకే నలుగురు నలుగుర్ని చేసి చిన్న జాగాలో ఆడించి, ఒక్క నియమం మార్చడం మంచి పద్ధతి: ఈ పది నిమిషాలూ బలం లేని వైపు నుంచి కొట్టిన స్కోరే లెక్క, లేదా ఒక్క హుక్ చేస్తే టీమ్‌కి ఒక పాయింట్. అప్పుడు కోచ్ అరవక్కర్లేదు, ఆటే నేర్పుతుంది. కినర్క్ పరిశోధన చేసింది కూడా ఇలా ఆట ద్వారా నేర్పే పద్ధతి మీదే. మీవాడు ఒక్క నెల ఇలా చేసి, ప్రతి సెషన్ తర్వాత ఏం పని చేసిందో ఏం చేయలేదో నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు, వాడికే అర్థమవుతుంది. రేపు కాలేజీలో, ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ గురించి మాట్లాడగలగడం వాడికి బలం.

చదువు సంగతికి వస్తే, నా మొదటి ఎంపిక పీఈ (వ్యాయామ విద్య) టీచర్ కోర్సు. లిమరిక్ యూనివర్సిటీలో నాలుగేళ్లది ఉంది, పీఈతో పాటు ఇంకో సబ్జెక్టు కూడా టీచింగ్‌కి వస్తుంది. డబ్లిన్‌లో డీసీయూ అనే యూనివర్సిటీలో బయాలజీతోనో మ్యాథ్స్‌తోనో కలిపి చదవొచ్చు. ఇక్కడ 2020 నుంచి లీవింగ్ సర్ట్‌లో పీఈ పరీక్ష సబ్జెక్టు అయింది కాబట్టి అది ఆటల పీరియడ్ మాత్రమే అన్న రోజులు పోయాయి. మీవారికి ఇలా చెప్పండి: జీతం, సెలవులు, పెన్షన్ ఉన్న ఉద్యోగం, సాయంత్రాలు హర్లింగ్‌కి ఖాళీ. రెండో ఎంపిక స్పోర్ట్ సైన్స్, అది చదివినవాళ్లు ఫిట్‌నెస్ కోచింగ్ వైపో, ఆటల డేటా విశ్లేషణ వైపో వెళ్లొచ్చు. మీవాడికి మ్యాథ్స్ బాగా వస్తే హయ్యర్ లెవెల్ (కష్టమైన పేపరు) వదలనివ్వకండి, అందులో పాసైతే కాలేజీ సీటుకి లెక్కించే పాయింట్లలో అదనంగా 25 వస్తాయి, మొత్తం 625లో అది చిన్న సంఖ్య కాదు. వచ్చే ఏడాది సీఏఓ (కాలేజీ సీట్ల) దరఖాస్తుకి ఫిబ్రవరి 1 గడువు. కంప్యూటర్ సైన్స్ కూడా ఆ లిస్టులో కింద రాయనివ్వండి, ఇంట్లో గొడవ తగ్గుతుంది, నష్టమేమీ లేదు. పౌరసత్వం ఉంది, ఇన్నేళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కట్టే పథకం మీకు వర్తించాలి, స్టూడెంట్ కంట్రిబ్యూషన్ అనే ఏటా ఫీజు మాత్రం మీరు కట్టుకోవాలి.

కాలేజీలో చేరాక ఫిట్జ్‌గిబ్బన్ కప్ ఉంది, 1912 నుంచి జరుగుతున్న కాలేజీల హర్లింగ్ పోటీ. టీమ్‌లో చోటు రాకపోయినా దాని చుట్టూ పనిచేసే కోచ్‌ల మధ్య తిరగడమే పెద్ద చదువు.

మీరు రాయలేదు కానీ "మన రంగువాడిని వాళ్లు కోచ్‌గా ఒప్పుకుంటారా" అన్న అనుమానం మీ మనసులో ఉండొచ్చు. ఫిజీ తల్లికి పుట్టి, ఆస్ట్రేలియా నుంచి చిన్నప్పుడే వచ్చిన షాన్ ఓగ్ ఓ హాల్పిన్ 2005లో కార్క్ కౌంటీ హర్లింగ్ కెప్టెన్‌గా ఆల్ ఐర్లాండ్ కప్పు ఎత్తాడు. మాటలు పడాల్సిన రోజులు రావని నేను చెప్పలేను. అలాంటిది జరిగితే వాడు ఒంటరిగా మింగకుండా మీకు చెప్పుకునేలా ఉండండి.

ఈ వారం చేయాల్సినవి రెండే. పిల్లలతో పనిచేయాలంటే గార్డా వెట్టింగ్ (ఇక్కడి పోలీసుల పరిశీలన) తప్పనిసరి, వాడికి ఇంకా 18 నిండలేదు కాబట్టి మీ సంతకంతో అంగీకార పత్రం కావాలి, అది అయిందో లేదో క్లబ్బులో కనుక్కోండి. అలాగే చైల్డ్ సేఫ్‌గార్డింగ్ (పిల్లల రక్షణ) క్లాసు, మొదటి మెట్టు కోచింగ్ కోర్సు ఎప్పుడో అడగమనండి. రెండోది, వాడు అండర్-13 వాళ్లకి నేర్పే రోజున మీవారిని తీసుకుని వెళ్లి గంటసేపు గట్టున నిలబడి చూడండి. ఏమీ అనకండి, చూడండి అంతే. ఆ తర్వాత మీవారు ఏమన్నారో నాకు రాయండి.