కంప్యూటర్ చదువుకు సమాజశాస్త్రం తోడైతే

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ విద్యార్థినిని. సమాజశాస్త్రం కూడా చదవాలని ఉంది. సాఫ్ట్‌వేర్ తయారయ్యాక వాడేవారి అభిప్రాయాలు సేకరించడానికి తప్ప ఆ శాస్త్రంతో మనకు పనేమిటని మిత్రులు అంటున్నారు. ఈ రెండింటికీ నిజంగా పొత్తు కుదురుతుందా?

జవాబు: తప్పక కుదురుతుంది. అయితే సమాజశాస్త్రంతో అసలు అవసరం పని పూర్తయ్యాక కాదు, దేన్ని కొలవాలో, ఎవరి సమస్యను సమస్యగా ఎంచాలో నిర్ణయించే తొలి దశలోనే ఉంటుంది.

2019లో జియాద్ ఓబర్‌మేయర్, ఆయన సహచరులు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఇందుకు గట్టి నిదర్శనం. అదనపు వైద్య సహాయం ఎవరికి అవసరమో గుర్తించేందుకు అమెరికాలో విస్తృతంగా వాడిన ఒక ప్రోగ్రామ్, జబ్బు తీవ్రతకు బదులు రోగికి కాబోయే వైద్య ఖర్చును అంచనా వేసేది. నల్లజాతీయులకు వైద్యం అందడమే తక్కువ కనుక వారిపై అయ్యే ఖర్చూ తక్కువగానే ఉండేది. అందువల్ల ప్రోగ్రామ్ లెక్కలో ఒకే స్కోరు వచ్చిన రోగులను పోల్చితే నల్లజాతీయులే ఎక్కువ జబ్బుతో ఉండేవారు. ఈ తేడాను తొలగిస్తే అదనపు సహాయానికి ఎంపికయ్యేవారిలో వారి వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. ఖర్చును అంచనా వేయడంలో ప్రోగ్రామ్ పొరబడలేదు. ఖర్చును అవసరానికి కొలమానంగా తీసుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఆసుపత్రి గడప దాకా రాలేనివారి సంగతి ఆ అంకెల్లో ఉండదు కదా అని ముందే అడగగలిగే చూపును సమాజశాస్త్రం ఇస్తుంది.

మానవశాస్త్రవేత్త లూసీ సచ్‌మన్ జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఫొటోకాపీ యంత్రంతో జనం పడే తంటాలను దగ్గరగా పరిశీలించి, మనుషులు యంత్రం ఊహించిన వరుసలో పనిచేయరని 1987లో పుస్తకరూపంలో వివరించారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది నార్వేలో జరిగిన కృషి. సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్తల్లో ఒకరైన క్రిస్టెన్ నైగార్డ్ 1970ల తొలినాళ్లలో లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేశారు. కొత్త కంప్యూటర్ వ్యవస్థ వల్ల పని తీరు మారిపోయేవారికి దాని రూపకల్పనలో మాట చెల్లాలన్నది ఆ కృషికి ప్రాణం.

కాబట్టి గణాంకాలతో పాటు క్షేత్ర పరిశీలన, ఇంటర్వ్యూ పద్ధతులను శ్రద్ధగా నేర్చుకోండి. జనం చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉంటుంది కనుక ప్రశ్నావళి ఒక్కటే చాలదు. మీ తదుపరి ప్రాజెక్టులో కోడ్ రాయడానికి ముందే, దాన్ని వాడేవారు పనిచేసే చోట కొంతకాలం గడపండి. దానివల్ల నష్టపోయే అవకాశం ఉన్నవారిని కూడా వెతికి మాట్లాడండి.