ఏడో తరగతి పాప లెక్కల యాప్‌లో సమీకరణాల దగ్గరే ఆగిపోతుంటే

కారణం సమీకరణాలు కాకపోవచ్చండీ, చాలావరకు కింది తరగతి భిన్నాలే అయ్యుంటాయి.

1. యాప్‌లో మొదట పెట్టే లెవెల్ టెస్ట్ మళ్ళీ రాయించండి. అందరూ వదిలేసేది ఇదే: పిల్ల తడబడగానే పక్కన కూర్చుని మనం చెప్పేస్తాం, యాప్ అదంతా తనకే వచ్చనుకుని పై మెట్టు లెక్కలే ఇస్తూ పోతుంది. ఈసారి ఒక్క మాట కూడా అందించకండి, రానివి వదిలేయమనండి. మార్కులు తగ్గినా తిట్టొద్దు, ప్లీజ్.

2. రఫ్ నోట్సు చూడండి. 1/2 + 1/3 = 2/5 అని తప్పుగా కనిపిస్తే (పైవి పైవి, కిందవి కిందవి కూడేసిందన్నమాట, సరైన జవాబు 5/6) యాప్‌లో ఐదో తరగతి లెవెల్‌కి దింపండి.

3. ప్రశ్నలోని ఇంగ్లీషు అర్థం కాకపోతే మన గవర్నమెంట్ పాఠ్యపుస్తకం తీసుకోండి, ఒక పేజీ ఇంగ్లీషు, పక్కపేజీ తెలుగు. మీరు విజయవాడలో ఉంటే ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి.