దుప్పటి కింద టార్చిలైటు

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మావారు చర్చిలో సంఘ పెద్ద. మా బాబుకు 11 ఏళ్లు. స్నేహితుడి దగ్గర హ్యారీ పోటర్ మొదటి పుస్తకం తెచ్చుకుంటే, మంత్రతంత్రాలు దేవునికి అసహ్యమని మావారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. వారం తిరగకుండానే వాడు రెండో భాగం సంపాదించి, రాత్రి దుప్పటి ముసుగులో టార్చిలైటు వేసుకుని చదువుతూ నాకు దొరికాడు. ‘నాన్నకు చెప్పకమ్మా’ అన్నాడు. చెప్పలేదు. మావారి భయమూ ఊరికే పుట్టలేదు. ఆయన పాడేరు వైపు పల్లెలో పెరిగారు. చిల్లంగి (చేతబడి) పెట్టిందని ఒక ముసలమ్మను ఊరంతా కలిసి తరిమేయడం చిన్నప్పుడు చూశారట. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ‘నాన్నకు చెప్పకమ్మా’ దగ్గర ఆగిపోయాను. మంత్రాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ముడి విప్పండి. మీరు వెళ్లి చెప్పేస్తే వాడి నమ్మకం పోతుంది. చెప్పకుండా ఉంటే ఇంట్లో ఇద్దరు ఒకవైపు, ఆయన ఒక్కరూ ఒకవైపు అవుతారు. ‘ఆదివారంలోగా నువ్వే చెప్పు, నేను పక్కనే కూర్చుంటాను’ అని వాడికి గడువు పెట్టండి.

మీవారు చెప్పేది బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయంలో ఉన్నదే. కానీ అక్కడ నిషేధించింది సోదె, శకునం, మంత్రం చేయడాన్ని. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన దానియేలుకు కల్దీయుల విద్యలన్నీ నేర్పించారు. పరీక్షిస్తే అక్కడి శకునగాండ్రకంటే పదింతలు మేలని తేలాడు గాని, తాను శకునగాడు కాలేదు. అంతెందుకు, సండే స్కూల్లో కర్ర పామైన కథ చెప్పాలంటే ఫరో మాంత్రికుల కర్రల్నీ పాముల్ని చేయక తప్పదు కదా! అయితే భోజనాల దగ్గర కూర్చుని ఆయనతో వాక్యాల పోటీకి దిగకండి. ఓడిపోతారు, గెలిచినా నష్టమే.

నాకు ఆ ముసలమ్మ సంగతే ముఖ్యమనిపించింది. మన్యంలో ఎవరికైనా జ్వరం తగ్గకపోతే, పశువు చచ్చిపోతే, పొరుగువాళ్ల మీద చిల్లంగి నింద పడటం, కొట్టి చంపడాలు కూడా జరగడం మనకు తెలిసిన విషయమే. మీవారికి మంత్రమంటే ఆ ఊరు, ఆ అరుపులు. మీ వాడికి మంత్రమంటే చీపురుకట్ట మీద ఆకాశంలో ఆటాడటం. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు గాని, ఒకే దాని గురించి మాట్లాడటం లేదు. ఆ కథ కొడుక్కి ఎప్పుడైనా చెప్పారా? చెప్పమనండి. ‘నిజంగా ఆవిడకు మంత్రాలు వచ్చా నాన్నా?’ అని వాడు అడుగుతాడు. దానికి ఆయన ఏం జవాబు చెబుతారో వాణ్ని విననివ్వండి. మధ్యలో మీరు కల్పించుకోకండి.

ఇక పుస్తకం. ముందు ఆయన్నే చదవమనండి. 1997 నుంచి 2007 వరకు ఏడు భాగాలు వచ్చాయి. నాలుగో భాగం చివర ఒక విద్యార్థి హత్యకు గురవుతాడు, అక్కడి నుంచి కథ చీకటి పడుతుంది. అవి ఇంకో రెండేళ్లు ఆగొచ్చు. ఏడో భాగంలో కథానాయకుడి తల్లిదండ్రుల సమాధి మీద ఒక వాక్యం చెక్కి ఉంటుంది: మొదటి కొరింథీయులు 15వ అధ్యాయంలో, కడపట నశించే శత్రువు మరణమని చెప్పే మాట. సంఘ పెద్దకు చూడగానే తెలిసిపోతుంది.

చదివాక కూడా వద్దంటే వద్దు. ఇల్లు ఆయనది కూడా. చదివి వద్దన్న తండ్రి మాటను పిల్లవాడు మోయగలడు. అప్పుడు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఇద్దరినే పంపండి, వాడికి కావలసింది వాడే ఏరుకుంటాడు. పుల్ల పట్టుకుని మంత్రాలు చదువుతూ ఆడుకుంటే కంగారు పడకండి. నిద్రలో ఉలిక్కిపడుతున్నా, చీకటికి భయపడుతున్నా పుస్తకం కొన్నాళ్లు పక్కన పెట్టించండి.

అన్నట్టు, బీరువాలో ఉన్నది మీ వాడి పుస్తకం కాదు. ఏం తేలినా తేలకపోయినా దాన్ని ఈ వారంలోనే ఆ స్నేహితుడికి తిరిగి ఇప్పించండి. పాపం, వాళ్లింట్లో వెతుకుతూ ఉంటారు.